ఆవిరి పెంచితే చల్లబడుతుందట

ఈ రోజు నా కంప్యూటర్ నాకో వింత చెప్పింది. మా కాగితం మిల్లులో కర్ర ముక్కలు ఉడికించే డైజెస్టర్‌కు ఆవిరి పెంచితే, అది చల్లబడుతుందట.

ఆ మాట చెప్పింది, మిల్లు పాత రికార్డులన్నీ ఇచ్చి నేను తయారుచేసిన కంప్యూటర్ మోడల్. రేపటి నుంచి ఆపరేటర్లకు సలహాలివ్వాలి. ఎందుకైనా మంచిదని ముందు కొన్ని భౌతిక నియమాలు రాసి, మోడల్ వాటిని ఎక్కడైనా తప్పుతుందేమో పరీక్షించాను. ‘మిగతావేవీ మారకుండా ఆవిరి పెరిగితే వేడి తగ్గకూడదు’ అన్న మొదటి నియమం దగ్గరే దొరికిపోయింది.

మధ్యాహ్నం దాకా తప్పు కోడ్‌లో ఉందనుకుని వెతికాను. చివరికి సీనియర్ ఆపరేటర్ మల్లయ్యన్నకు చూపిస్తే, టీ గ్లాసు పక్కన పెట్టి నవ్వాడు.

"వాన పడితే కర్ర తడుస్తది మేడం. తడి కర్ర పడితే లోపల వేడి తగ్గుతది. గందుకే మేం ఆవిరి ఎక్కువ ఇస్తం. దవాఖానాల ఉన్నోళ్లకు జ్వరం ఉన్నదని, దవాఖానాకు పోతేనే జ్వరం వస్తదంటే ఎట్ల?"

"మరి కర్ర తడి ఎంతో రికార్డుల్లో ఎక్కడా లేదేంటన్నా?"

"రాసుడెందుకు? పిడికిట్ల పట్టుకుంటే తెలుస్తది."

వేడి పెంచాలంటే ఆవిరి తగ్గించమనే ఆ సలహా విని రేపు ఎవరైనా వానలో ఆవిరి తగ్గిస్తే కర్ర సగమే ఉడుకుతుంది. మోడల్‌ను ఆపేశాను. రేపు నోట్‌బుక్ పట్టుకుని మల్లయ్యన్న పిడికిలి పక్కన నిలబడతాను.

మీ దగ్గర ఏ రికార్డులోనూ లేకుండా ఒక్కరి చేతికే తెలిసిన సంగతి ఏముంది? వాళ్లు రిటైరయ్యేలోపు అడిగి చెప్పండి.