బావకి చరిత్ర, నాకు నాయనమ్మ

జర్మనీలో కొండల మధ్య ఒక చిన్న ఊరుంది. స్టేషన్లో దిగి ఎడమకి తిరిగితే పార్కు, పార్కు దాటితే స్తంభాల వరండా, వరండా చివర నీళ్లు తాగే హాలు. ఆ నీళ్లు ఉప్పగా, కాస్త మురిగిన కోడిగుడ్డు వాసనతో ఉంటాయట. ఇంత వివరంగా చెబుతున్నాను కాబట్టి నేనక్కడ ఉండి వచ్చానని మీరనుకుంటే సంతోషమే. పడమర దిక్కుగా నేను వెళ్లిన అత్యంత దూరం హైదరాబాదు. ఆ ఊరికి వెళ్లింది మా బావ. వాడితో పాటు మా నాయనమ్మ కథ కూడా వెళ్లింది. నేను ఇక్కడే ఉన్నాను.

ఆ ఊరు నాకు పరిచయమైంది విజయవాడ పటమటలో, టైర్ల షాపు పైన రెండో అంతస్తులో. నర్సింగ్ చదివినవాళ్లకి అక్కడ జర్మన్ నేర్పేవారు. ఆ విడతలో ఆ ఊరి క్లినిక్‌కి ఒక్క నర్సే కావాలి. పోటీలో మా బ్యాచ్ మొత్తం ఉంది. వాళ్ల పద్ధతి కాస్త వింత. సూది ఎలా వేస్తావని అడిగేముందు, మా ఊరి గురించి నీకేం తెలుసు, ఎందుకు రావాలనుకుంటున్నావు, జర్మన్‌లో చెప్పు అంటారు.

"వాళ్లకి పాఠం అప్పజెప్పకండి. మీ మాట వినాలని ఉంటుంది వాళ్లకి" అంది మాకు జర్మన్ చెప్పే మేడమ్. విజయవాడలో ఇంటర్ చదివినవాళ్లకి ఇలాంటి మాట చెప్పడం చేపకి నేల మీద నడకలో మెళకువలు చెప్పడం లాంటిది. ఇంపార్టెంట్ క్వశ్చన్ దొరికింది కాబట్టి ఆన్సర్ బట్టీ పట్టాలి, అని అందరం రాసుకున్నాం.

ఆ ఊరి పేరు ముందు 'బాడ్' అని ఉంటుంది. స్నానం అని అర్థం. నీళ్లూ గాలీ పరీక్షించి ప్రభుత్వం ఒప్పుకుంటేనే ఊరు దాన్ని తగిలించుకోవాలి, మనుషులు పేరు ముందు డాక్టర్ అని తగిలించుకున్నట్టు. దాని మీద వేయదగిన ఇంగ్లీషు జోకులన్నీ మా బ్యాచ్ మొదటి వారంలోనే వేసేసింది కాబట్టి ఇక్కడ మళ్లీ వేయను.

ఊరి కథ పందులతో మొదలవుతుంది. అడవిలో పందులు ఒక బురద గుంటలో పొర్లి లేచాయట. ఒళ్లు ఆరాక చూస్తే తెల్లగా ఉప్పు. తమ ఊరు పుట్టడానికి దేవుడో రాజో కారణమని అందరూ చెప్పుకుంటారు. మాకు పందులు దారి చూపించాయని ఒప్పుకున్న ఊరంటే నాకక్కడే గౌరవం పుట్టింది. ఆ ఊటనీళ్లు కాచి ఉప్పు తీశారు. నీళ్లు ముందే కాస్త చిక్కబడాలని ఎత్తయిన కొయ్య గోడ కట్టి, దాన్నిండా ముళ్లకంప కూరి, గాలికి కొంత ఆవిరయ్యేలా పైనుంచి నీళ్లు జారవిడిచారు. వేసవిలో మనం కిటికీలకి వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుతామే, అలాంటిదే, కాకపోతే వీధంత పొడుగు.

ఉప్పు వేరేచోట చవకగా దొరికేసరికి ఊరి పని అయిపోవాలి. కానీ ఉప్పు కాచే కూలీల చేతుల మీద పుళ్లు తొందరగా మానుతున్నాయనీ, ఆ గోడ పక్కన తిరిగేవాళ్లకి దగ్గు తగ్గుతోందనీ ఒక వైద్యుడికి అనుమానం వచ్చింది. అంతే, ఉప్పు అమ్మిన ఊరు నీళ్లు అమ్మడం మొదలెట్టింది. కీళ్లవాతంతో ఒక ప్రభువు వచ్చాడు. తగ్గిందో లేదో చరిత్రలో లేదు. మళ్లీ వచ్చాడని మాత్రం ఉంది. ఆయన వెనకాల మిగతా గొప్పవాళ్లు వచ్చారు, వాళ్ల కోసం స్తంభాల వరండా, బ్యాండు మేళం, జూదం హాలు వచ్చాయి. గ్లాసు నీళ్లు తాగి పార్కు చుట్టూ తిరగాలి, మళ్లీ గ్లాసు తాగాలి, మళ్లీ తిరగాలి. వైద్యం అంతే.

యుద్ధాలప్పుడు హోటళ్లు సైనికుల ఆసుపత్రులయ్యాయి. ఆ తర్వాత ఫ్యాక్టరీ కార్మికుల్ని ఇన్సూరెన్సు వాళ్లే ఖర్చు పెట్టుకుని మూడేసి వారాలు పంపేవాళ్లు, మొగుణ్ణి ఒకసారి, పెళ్లాన్ని ఒకసారి. అలా ఒంటరిగా వచ్చినవాళ్లకి అక్కడ దొరికే తోడుకి ఒక మాటే పుట్టింది. 'చికిత్స నీడ' అంటారు. మేడమ్ ఆ మాటని చాలా వేగంగా దాటేసింది. మా బ్యాచ్ మొత్తం తప్పు లేకుండా పలికే జర్మన్ మాట అదొక్కటే.

తర్వాత ఇన్సూరెన్సు వాళ్లు చెయ్యి బిగించారు. హోటళ్లు మూతబడ్డాయి. ఇప్పుడు ఆ ఊరికి మోకాలు మార్పించుకున్నవాళ్లు, తుంటి మార్పించుకున్నవాళ్లు నడక నేర్చుకోవడానికి వస్తారు. మధ్యాహ్నం ఊరంతా చప్పుడు చేయకూడదని రూలు. చప్పుడు చేసే వయసువాళ్లు ఎలాగూ పెద్ద నగరాలకి వెళ్లిపోయారు, నర్సులతో సహా. అందుకే వెతుక్కుంటూ మా టైర్ల షాపు దాకా వచ్చారు.

ఇదంతా నేను ఫోన్లో వీడియోలు చూసీ, ఆ ఊరి వెబ్‌సైటు చదివీ పోగేసింది. చదువుతుంటే ఎక్కడో చూసినట్టే ఉండేది. ఒకరోజు స్తంభాల వరండా పాత ఫొటోలో, చేతిలో గ్లాసులతో కూర్చున్న ముసలమ్మల మొహాలు చూశాక తెలిసింది. చూసింది విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో.

మాది ఆ ఊరే. థర్మల్ స్టేషన్ యంత్రాల్ని చల్లార్చిన నీళ్లు వెచ్చగా కాలవలోకి వచ్చేవి. నా చిన్నప్పుడు పొద్దున్నే మా నాయనమ్మ, ఇంకో నలుగురు మోకాళ్ల నొప్పుల ముసలమ్మలు ఆ కాలవ మెట్ల మీద చీరలు మోకాళ్ల దాకా ఎత్తి కట్టుకుని కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చునేవాళ్లు. అమ్మానాన్నా పనికి పోతే నేను నాయనమ్మ చెప్పులు పట్టుకుని వెంట వెళ్లేవాణ్ణి. మోకాళ్ల నొప్పులు ఒక సాకేనని నాకు అప్పుడే అర్థమైంది. కోడళ్ల మీద ఫిర్యాదులన్నీ అయ్యేదాకా ఏ మోకాలికీ నొప్పి తగ్గేది కాదు. మా ఊళ్లో ప్రభువు, బ్యాండు మేళం లేవు, పొగగొట్టాలున్నాయి. మిగతాదంతా అదే ఊరు.

ఇంటర్వ్యూలో ఇది చెబుదామనుకున్నాను. మీ ఊరికి ఎందుకు రావాలనుకుంటున్నానంటే, నేను అలాంటి ఊళ్లోనే చెప్పులు మోశాను కాబట్టి, అని. జీవితంలో మొదటిసారి, వెటకారం లేకుండా ఒక మాట తయారుచేసుకున్నాను. ఆ మాట మా బావకి వినిపించాను.

బావ అంటే మా మేనత్త కొడుకు, గన్నవరంలో ఉంటాడు. నాకంటే ఏడాది పెద్ద. నర్సింగూ జర్మనూ కలిసే చదివాం. వాడిది గొప్ప జ్ఞాపకశక్తి. హాస్టల్లో ఉన్నప్పుడు పుస్తకంలోని అచ్చుతప్పుల్ని కూడా అలాగే రాసి మార్కులు తెచ్చుకున్న మనిషి. సొంతంగా ఒక వాక్యం చెప్పమంటే మాత్రం చెమటలు పడతాయి. అందుకని సాయంత్రాలు ఏలూరు కాలవ గట్టు మీద నడుస్తూ వాడికి నేనే నేర్పించాను. పందులు, ఉప్పు గోడ, కీళ్లవాతం ప్రభువు, అన్నీ ఇచ్చేశాను.

"మరి నువ్వేం చెబుతావురా?" అన్నాడు.

"నాకు నాయనమ్మ చాలు. చరిత్ర నువ్వు తీసుకో."

"ఏదీ, ఒకసారి చెప్పు. వింటా."

చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు. నా ఉచ్చారణ బాగుంది కాబట్టి వింటే వాడికి ప్రాక్టీసవుతుందన్నాడు. పొగిడితే ఎవరు కాదంటారు? ఆ వారమంతా చెప్పాను. బావకి చరిత్ర, నాకు నాయనమ్మ. బజ్జీల బండి దగ్గర చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాడు.

ఇంటర్వ్యూలో ముందు పిలుపు బావది. నవ్వుకుంటూ బయటికొచ్చి, నా భుజం తట్టి, "ఆల్ ది బెస్ట్ రా" అన్నాడు. నేను లోపలికెళ్లాను. తెర మీద ఒక పెద్దావిడ, ఒకాయన. నేను థర్మల్ స్టేషన్ దగ్గర మొదలుపెట్టాను. ఆవిడ కనుబొమలు లేచాయి. మెట్ల దాకా వచ్చేసరికి ఆయన ఆవిడ వైపు చూశాడు. చెప్పుల దగ్గర ఆవిడ చెయ్యెత్తి నన్ను ఆపింది.

"క్షమించండి. మీరు కూడా చెప్పులు మోశారా?"

కోప్పడలేదు. నిజంగానే అడిగింది, నెమ్మదిగా, నాకర్థం కావాలని ఒక్కో మాట విడదీసి. ముందొచ్చిన అబ్బాయి ఇదే చెప్పాడంది. ఇదే చోట ఆగి, ఇలాగే నవ్వాడంది. అక్కడ నవ్వు రావాలని ఆ ఆగడం పెట్టింది నేనే. బావ దాన్ని కూడా వదల్లేదు.

నిజం చెప్పవచ్చు. కానీ నాకొచ్చిన జర్మన్‌లో దొంగతనానికి సంబంధించిన వాక్యం ఒక్కటే ఉంది, 'నా సైకిల్ పోయింది' అని. సొంతంగా ఒకటి అల్లబోయి, క్రియ ఎక్కడ పెట్టాలో తేల్చుకునేలోపు ఆయన తర్వాతి ప్రశ్న అడిగేశాడు.

కిందికి దిగాక చెరుకురసం బండి దగ్గర బావ నాకోసం కూడా ఒక గ్లాసు చెప్పి ఉంచాడు.

"నాయనమ్మని ఎందుకు చెప్పావు బావా?"

"చరిత్ర మొత్తం చెప్పాన్రా. ఇంకా చెప్పమంది. ఎందుకు రావాలనుకుంటున్నారు అంది. నాకేమొచ్చు? నీది నోటికొచ్చేసింది."

"నాదని తెలుసుగా."

"నీదేంట్రా? ఆవిడ నాకూ అమ్మమ్మేగా."

బంధుత్వం ప్రకారం చూస్తే వాడి మాటలో తప్పు లేదు.

"చెప్పులెప్పుడు మోశావు నువ్వు?"

"అది తీసేస్తే మిగతాది గుర్తురాదురా నాకు. వరసలో ఉంటేనే వస్తుంది" అన్నాడు, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు.

చెరుకురసం తాగాను. కోపమొచ్చినప్పుడు గ్లాసు విసిరికొట్టాలని తెలుసు, కానీ అందులో నిమ్మకాయ, అల్లం సరిగ్గా పడ్డాయి.

ఉద్యోగం బావకొచ్చింది. గన్నవరంలో అత్త ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టారు. ఎవరికైనా ఉద్యోగమొచ్చినా జబ్బు తగ్గినా మా ఇళ్లలో పెట్టేదే. పాటలు, ప్రార్థన, మేలు జరిగిన మనిషి సాక్ష్యం, ఆ తర్వాత బిర్యానీ. నన్ను ముందు వరసలో నాయనమ్మ పక్కన కూర్చోబెట్టారు. బావ కొత్త చొక్కాతో లేచి మైకు పట్టుకున్నాడు.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నాకు ఆ భాష సరిగ్గా రాదు. ఏం చెప్పాలో తెలీక బిక్కమొహం వేసుకుని కూర్చున్నాను. ఆ టయానికి దేవుడే నా నోట మాటలు పెట్టాడు."

"ఆమెన్" అన్నారందరూ. ఆ మాటలు పెట్టింది ఏలూరు కాలవ గట్టు మీద, బజ్జీలకి డబ్బులు కూడా నేనే ఇచ్చాను. పక్కన కూర్చున్నవాళ్లు చూస్తున్నారు కాబట్టి నేనూ ఆమెన్ అన్నాను.

వాడు అక్కడితో ఆగలేదు. కాలవ, మెట్లు, వెచ్చటి నీళ్లు, మొత్తం తెలుగులో మొదలెట్టాడు. "అమ్మమ్మ చెప్పులు పట్టుకుని వెనకాలే నడిచేవాణ్ణి" అనగానే నాయనమ్మ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది.

"ఏంటంటన్నాడు వీడు?" అని నన్నడిగి, నేను చెప్పేలోపు పైకి అనేసింది. "నువ్వెప్పుడొచ్చావురా కాలవకి? వచ్చింది ఈ సన్నాసి. నువ్వు సెలవలకొచ్చి, కాళ్లు ఉడికిపోతాయని గట్టు మీదే ఏడ్చేవాడివిగా!"

షామియానా అంతా నవ్వింది. అత్త నవ్వింది, బావ కూడా నవ్వాడు. పాస్టరుగారు మైకు అందుకుని, "పెద్దావిడకి మనవలందరూ ఒక్కటేనండీ, ఎవరైతేనేం" అన్నారు. మళ్లీ ఆమెన్. నేనన్నదానికి జనం నవ్వాలని ఎన్నో కూడికల్లో ఎంతో కష్టపడ్డాను. ఇంత నవ్వు ఎప్పుడూ రాలేదు. నా తరఫున ఎవరైనా ఒక్క నిజం చెప్పారంటే అదే, అది జోకైపోయింది. నాయనమ్మ మాత్రం నవ్వకుండా నా మోకాలి మీద చెయ్యేసి కూర్చుంది. బిర్యానీ అయ్యేదాకా తియ్యలేదు, దాంతో పళ్లెం ఒళ్లో పెట్టుకోవడం కుదరక తినడం కాస్త ఇబ్బందయింది.

భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోటికి బావ వచ్చాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఇంటర్వ్యూ చేసిన ఆ జర్మనావిడ మెయిల్ పెట్టింది. వార్డులో ముసలోళ్లకి అమ్మమ్మ గురించి చెప్పిందంట. నేను రాగానే మిగతాది వినాలంటున్నారంట."

"మంచిదే కదా."

"ఏం మంచిదిరా, నా దగ్గర ఉన్నది అంతే. తర్వాత ఆవిడ కాలవకి వెళ్లడం ఎందుకు మానేసింది? అడుగుతారు కదా. చెప్పు, రెండుసార్లు వింటే చాలు."

వాడి మొహంలో దొంగతనమేమీ లేదు. పరీక్ష ముందు చాప్టర్ మిస్సయినవాడి కంగారే ఉంది. నేను చేతులు తుడుచుకున్నాను.

"తెలీదు బావా. నేనప్పటికి స్కూల్లో చేరిపోయాను" అన్నాను.

నమ్మాడు. అత్త పిలిస్తే వెళ్లిపోయాడు. అదే నెలలో అక్కణ్ణుంచే, ఇంటి పక్క ఎయిర్‌పోర్టు నుంచే విమానమెక్కాడు.

నాకు తెలుసు. ఆఖరిరోజు చెప్పులు పట్టుకుని మెట్ల మీద నిలబడ్డది నేనే. ఏం జరిగిందో, దారిలో నాయనమ్మ ఏమందో అంతా తెలుసు. ఇక్కడ కూడా రాయను. చదివేవాళ్లలో ఎవరికి ఎప్పుడు ఇంటర్వ్యూ ఉందో నాకేం తెలుసు?