మ్యాప్‌లో మూతపడిన సైదులు జిమ్

సైదులు తన జిమ్ నడిమధ్య, చేతిలో డంబెల్‌తో నిలబడి ఉండగా, ఆ జిమ్ శాశ్వతంగా మూతపడిందన్న సంగతి అతనికి తెలిసింది. చెప్పింది కూతురు ప్రాజక్త. ఆమెకు చెప్పింది ఫోన్‌లోని మ్యాప్.

"ఇక్కడ పర్మనెంట్ బంద్ అని చూపిస్తుంది నాయినా."

"నేను లోపలనే ఉన్న గద."

"ఫోన్‌కు కనబడుతలేవు."

కరోనా రోజుల్లో షట్టర్ దించి ఉండగా ఎవరో పుణ్యాత్ముడు పనిగట్టుకుని ఆ కబురు మ్యాప్‌కు చేరవేశాడట. షట్టర్ మళ్లీ లేచిందని చెప్పే తీరిక మాత్రం ఎవరికీ దొరకలేదు.

సైదులు తాత పాలమూరు నుంచి వలస వచ్చి ఈ ముంబై నగరానికి గోడలు కట్టాడు. తండ్రిదీ అదే పని. సైదులు కూడా ఇటుకలు మోశాడు. మోయగా వచ్చిన భుజాలను అద్దంలో చూసుకుని మురిసిపోయి, ఇక వాటిని పెంచడమే వృత్తిగా పెట్టుకున్నాడు. కామాఠీపురాలో వరస గదుల పాత మేడ ఒకదాని, అంటే ఒక చాలీ, కింది గదిలో 'సైదులు వ్యాయామశాల' వెలిసింది అలాగే. గల్లీ కుర్రాళ్లంతా అక్కడ కండలు పెంచి గణపతి ఊరేగింపులో చొక్కాలు విప్పి తిరిగారు. ఇప్పుడు వాళ్ల కొడుకులు పక్క పేట నాగ్‌పాడాలోని అద్దాల జిమ్‌కు వెళ్తున్నారు. అక్కడ ఏసీ ఉంది, చెమట పట్టదు. చెమట పట్టకుండా వ్యాయామం చేయడమనే విద్య సైదులుకు ఇప్పటికీ అంతుపట్టలేదు.

మ్యాప్‌లో చచ్చిపోయిన జిమ్‌ను బతికించడానికి అతను బంటీ దగ్గరికి వెళ్లాడు. బంటీ ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక టీ కొట్టు బల్ల మీద రెండు ఫోన్లు పెట్టుకుని కూర్చుంటాడు. అదే అతని ఆఫీసు. దుకాణాలను మ్యాప్‌లో పైకి తేవడం అతని వ్యాపారం. తన ఆఫీసును మాత్రం ఏ మ్యాప్‌లోనూ పెట్టుకోలేదు. నిపుణులకు ఆ అవసరం ఉండదు కాబోలు.

"ముందు పేరు మార్చాలె అంకుల్," అన్నాడు బంటీ. "సైదులు అంటే ఎవలకు తెలుస్తది?"

"గల్లీల అందరికి తెలుస్తది."

"సర్చ్‌ల గల్లీ ఉండదు. 'బెస్ట్ ఏసీ జిమ్ లేడీస్ జెంట్స్ ముంబై సెంట్రల్' అని పెడ్త."

"ఏసీ లేదు."

"పేర్లనే గద ఉండేది."

"ముంబై సెంట్రల్ ఏంది? మనది కామాఠీపురా."

బంటీ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ పేరు పెడితే మంచి ఇండ్లోళ్లు వస్తరా అంకుల్? నువ్వే చెప్పు."

కామాఠీపురా అంటే నగరానికి సానికొంపలే గుర్తొస్తాయని సైదులుకూ తెలుసు. ఆ పేటకు ఆ పేరు వచ్చిందే తన తాతల్లాంటి కామాఠీ కూలీల వల్ల. అయినా పెళ్లి సంబంధాల దగ్గర, ఉద్యోగాల దరఖాస్తుల్లో అక్కడి వాళ్లంతా నాగ్‌పాడాలో ఉంటున్నట్టే చెబుతారు. సైదులు పెళ్లి కూడా నాగ్‌పాడా వాడిగానే జరిగింది. అతను తల ఊపాడు.

కొద్ది రోజుల్లోనే జిమ్‌కు కొత్త జన్మ వచ్చింది. ఫొటోలో ఎవరో నీలికళ్ల దొర పొట్ట మీద పలకలు చూపిస్తున్నాడు. ఎక్కడెక్కడి వాళ్లో ఐదేసి చుక్కలు గుమ్మరించారు. ఒకాయన 'ఇక్కడి బిర్యానీ అద్భుతం' అని రాశాడు. ప్రాజక్త అది చదివి వినిపిస్తే సైదులు మెప్పు ఏదైనా మెప్పే అనుకుని, "తారీఫే జేసిండు గద," అన్నాడు.

మ్యాప్‌లో బంటీ గుచ్చిన గుర్తు సరిగ్గా ముంబై సెంట్రల్‌లోని ఒక పళ్ల డాక్టరు మెట్ల మీద పడింది. బరువు తగ్గుదామని బయల్దేరిన వాళ్లంతా అక్కడికి చేరారు. డాక్టరు మొదట మర్యాదగా చెప్పాడు, తర్వాత తలుపు మీద కాగితం అంటించాడు, ఆ తర్వాత మ్యాప్ కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. జిమ్ వెతుక్కుంటూ వెళ్లిన దివ్య అనే ఉద్యోగిని ఒక్క చుక్క ఇచ్చి, 'ఇక్కడ జిమ్ లేదు. పన్ను నొప్పి ఉంటే రావచ్చు' అని రాసింది. వచ్చిన అభిప్రాయాలన్నిటిలో నిజం అదొక్కటే. ఆ వారమే మ్యాప్ నుంచి జిమ్ పూర్తిగా మాయమైంది. బంటీకి ఫోన్ చేస్తే రెండు ఫోన్లూ స్విచాఫ్. మూతపడిన జిమ్‌ను అసలు లేని జిమ్‌గా మార్చడం తక్కువ నైపుణ్యమేమీ కాదు.

"ఇప్పుడు నేను జేస్త," అంది ప్రాజక్త. "కానీ ఖరా పత్తా రాస్త, మనం ఉన్న జాగనే."

"కామాఠీపురా అని రాస్తే ఎవలొస్తరు బిడ్డా?"

"కామాఠీపురాల ఉన్నోళ్లు వస్తరు. ఇక్కడ మనుషులు కమ్మి ఉన్నరా?" ఫోన్ పక్కన పెట్టి, "కాలేజీల నాగ్‌పాడా అని చెప్పి చెప్పి నాకు కంటాళా వచ్చింది నాయినా," అంది.

కంటాళా అంటే విసుగు. కూతురి గొంతులో విసుగు కన్నా ఎక్కువే ఏదో ఉందని సైదులుకు తోచింది. "రాయి," అన్నాడు.

జిమ్ నిజంగా ఉందని వీడియో తీసి పంపాలట. గల్లీ మొదలు నుంచి బోర్డు దాకా, తాళం తీసి లోపలికి వెళ్లేదాకా సైదులు నడిచాడు, ప్రాజక్త తీసింది. పెళ్లి వీడియోలో కూడా అంత బిగుసుకుని నడవలేదు అతను. అయినా మ్యాప్ వాళ్లు ఒప్పుకున్నారు. పాత పేరుతో, సొంత అడ్రసుతో జిమ్ మ్యాప్‌లోకి తిరిగొచ్చింది.

ఇక అసలు మనుషుల అభిప్రాయాలు కావాలి. ఏళ్లుగా బరువులెత్తే మహేష్‌ను బతిమాలితే మూడు చుక్కలిచ్చి 'ఠీక్ ఉంది' అని రాశాడు. ఐదిస్తే అబద్ధమనుకుంటారని అతని భయం. అప్పుడు పై అంతస్తు వజ్రమ్మ ముందుకొచ్చింది. మున్సిపాలిటీలో వీధులు ఊడ్చి రిటైరైన మనిషి. రాయడం రాదు కాబట్టి ఫోన్‌తో మాట్లాడింది, ఫోన్ రాసుకుంది.

"మోకాళ్లు గుంజి మెట్లెక్కరాకపోతుండె. సైదులు కుర్సీల కూసోబెట్టి లేపి, కూసోబెట్టి లేపి కసరత్తు జేపిచ్చిండు. ఇప్పుడు ఎక్కుతున్న. పంఖా ఒకటే ఉన్నది, అది గూడ కిర్రుమంటది. సైదులు నోరు మంచిది గాదు. మనిషి మంచోడు."

"పంఖా సంగతి తీసెయ్యి," అన్నాడు సైదులు. ప్రాజక్త తీయలేదు.

ఆ మాటలు చాలీల వాట్సాప్ గుంపుల్లో తిరిగాయి. మొదట పక్క గల్లీ ఆడవాళ్లు వచ్చారు, తర్వాత వాళ్ల వదినలు, ఆ తర్వాత ధారావి నుంచి బస్సెక్కి భూదేవి అనే ఆమె వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, "మోకాళ్ల జిమ్ ఇదేనా అన్నా?" అని అడిగింది. కండల వీరులను తయారుచేసిన గురువు చేతిలోని డంబెల్ పక్కన పెట్టి, "ఇదే, రా అక్కా," అన్నాడు.

ఇప్పుడు మధ్యాహ్నాలు వ్యాయామశాల నిండా చీరకొంగులు నడుముకు దోపుకున్న ఆడవాళ్లే. ఒక కుర్రాడు 'దోపహర్‌ల అంత అత్తలే ఉంటరు' అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి రెండు చుక్కలిచ్చాడు. సైదులు కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని దానికి స్వయంగా జవాబు రాయించాడు: 'వాళ్లు రోజూ వస్తరు. నువ్వు గణపతి పండుగకు ముంగట వస్తవు.'

రాయించి, మళ్లీ ఒకసారి చదివించుకుని, "మరాఠీల గూడ రాయి," అన్నాడు. "వానికి తెలుగు సదువరాకపోవచ్చు."