స్నానాలగదిలో రెండువేళ్ల నలుపు

మా కదిరిలో స్నానాలగదికి బూజు పట్టిందంటే ఒక రకంగా గొప్పే. ట్యాంకరు కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్లో గోడకు తేమ అంటడమంటే మాటలా? రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఇంట్లో తెల్ల టైల్స్ వేయించాను. ఆరు నెలలు తిరగకుండానే వాటి సందుల్లో నల్లబూజు నా ఎత్తున లేచింది.

అబద్ధం. నేలనుంచి రెండువేళ్ల ఎత్తు లేచింది, అంతే.

మా ఆవిడ బ్లీచింగు పొడి చల్లి, పాత పళ్లబ్రష్షుతో రుద్దింది. పది రోజులకు మళ్లీ నల్లబడింది. సందుల్లో మేస్త్రి పెట్టిన సిమెంటే మంచిది కాదని తేల్చి, ఆ మాట వీధిలో చెప్పింది. ఎదురింటి అంగడాయన విన్నాడు. తన ఇంట్లో రెండు స్నానాలగదుల పని అదే మేస్త్రికి ఇస్తానన్నవాడు కాస్తా వెనక్కి తగ్గాడు. మేస్త్రిది తనకల్లు పక్క పల్లె. శనక్కాయ పంట వరసగా ఎండిపోతే తాపీ పట్టుకున్న మనిషి. ఆ వేసవికి అతని ఇల్లు గడవాల్సింది ఆ పనిమీదే.

సంగతి తెలిసి అతను వచ్చాడు. అంగడాయన కూడా వెంట వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. మేస్త్రి గొంతుకూర్చుని గోడ వెంట వేలు నడిపించాడు.

"సిమెంటు చెడిపోయింటే బూజు యాడబడితే ఆడ పట్టాల కదమ్మా. ఇది నాలుగు గోడలకూ ఒకే ఎత్తులో ఆగిండాది. ఈడ నీళ్లు నిలబడతాండాయి."

"ఈ ఊళ్లో నీళ్లు నిలబడేదానికి యాడుండాయప్పా?" అంది మా ఆవిడ.

ఆ మాటకు అంగడాయన నవ్వాడు. నేను పైకప్పు చూశాను.

మా పెరట్లో ఒక నిమ్మచెట్టు ఉండేది. చుక్క నీళ్లు పోయకుండా, కేవలం నా హస్తవాసితోనే అది విరగకాస్తోందని వీధివీధంతా చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. రోజూ స్నానాలయ్యే వేళకు తూముకు పాత తువ్వాలు కుక్కేవాణ్ని. ఆ నీళ్లు అలాగే నిలబడేవి. మధ్యాహ్నం మా ఆవిడ కునుకు తీసినప్పుడు చెంబుతో తోడి చెట్టుకు పోసేవాణ్ని. ఒక్కోనాడు సాయంత్రం దాకా మరిచిపోయేవాణ్ని కూడా.

మేస్త్రి వేలు పంచెకు తుడుచుకున్నాడు. పని వేరేవాళ్లకు ఇచ్చుకోమని అంగడాయనతో చెప్పి లేచాడు. నేను వెంటనే అడ్డుపడి నిజం చెప్పేశాను.

వెంటనే కాదు. అతను చెప్పులు వేసుకుని గేటుదాకా పోయేంతవరకూ నోరు రాలేదు.

"ఆగప్పా. తూముకు గుడ్డ కుక్కింది నేనే. నిమ్మచెట్టుకోసరం."

మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

"అయితే ఇన్నాళ్లూ ఊరందరికీ పంచింది మన ఒంటి సబ్బునీళ్ల కాయలా?"

వారానికి నాలుగు కాయలు పట్టుకుపోయే అంగడాయన ముఖం అప్పుడు చూడాలి.

మేస్త్రి వెనక్కి వచ్చాడు. చెప్పులు విప్పి, ఆ పళ్లబ్రష్షు తీసి నా చేతికిచ్చాడు. "కొత్త సిమెంటు నేను నింపుతా. రుద్దేది మాత్రం నువ్వే అన్నా."

రుద్దాను. మా ఆవిడ ఇచ్చిన టీ తాగుతూ అతను గడపమీద కూర్చుని, నేను వదిలేసిన సందులు ఒక్కొక్కటే వేలితో చూపించాడు. నేను నాలుగో గోడకు చేరేసరికి అంగడాయన అతని పక్కనే చతికిలబడి, తన ఇంటి గదుల కొలతలు చెబుతున్నాడు.