తెల్ల దొరసాని వేషం

1983. బర్ దుబాయ్‌లోని ఒక ఇండియన్ స్కూల్లో తొమ్మిదో తరగతికి ఇంగ్లీషు చెప్పేదాన్ని. స్టాఫ్‌రూమ్‌లో నా పక్క కుర్చీ నిర్మలది. ఆవిడా ఇంగ్లీషు టీచరే. హైదరాబాదు మనిషి, పచ్చని ఛాయ. ఆవిడ వరండాలోకి వస్తే చాలు, చేతిలో పుస్తకాలు మోయడానికి పిల్లలు ఎగబడేవారు. నావి నేనే మోసుకునేదాన్ని. నాది కాకినాడ. రంగు నలుపు, గొంతు పెద్దది. ఆవిడంటే నాకు కడుపుమంట, ఇందులో దాచేదేముంది?

ఆ ఏడాది యాన్యువల్ డేకి ఇంగ్లీషు నాటకం కూడా ఆవిడకే ఇచ్చారు. నాకు ప్రాంప్టింగ్ పడేశారు. అంటే తెర పక్కన నక్కి, పిల్లలు మరిచిపోయిన మాట అందించడం.

నాటకం మా పాఠ్యపుస్తకంలోని ఒక అమెరికన్ కథ. చిన్న ఊరి రైల్వేస్టేషను, వెయిటింగ్ రూమ్ మధ్యలో చెక్కగోడ. ఇటు తెల్లవాళ్లు, అటు నల్లవాళ్లు. జ్వరంతో వణికే నల్లపిల్లకి ఒక తెల్ల దొరసాని తన శాలువా ఇచ్చేస్తుంది. కానీ తమవైపున్న కుంపటి దగ్గరికి మాత్రం రానివ్వదు. అలాంటి కథల్లో నాకు నచ్చేది అదే. దుర్మార్గుడంటూ ఎవడూ కనపడడు. అందరూ మర్యాదస్తులే, గోడ మాత్రం ఉంటుంది.

ఆ పాఠం చెబుతుంటే సునీత అనే పిల్ల లేచి నిలబడింది. వాళ్ల నాన్న అల్ ఖూజ్‌లో ఒక గోడౌన్‌కి స్టోర్‌కీపర్.

"మిస్, మా నాన్న కంపెనీలో కూడా ఇంజనీర్ల మెస్ వేరు, లేబర్ మెస్ వేరు. గోడ కూడా ఉందంట" అంది.

కాస్టింగ్ రోజున, అంటే ఎవరికి ఏ వేషమో తేల్చే రోజున, నిర్మల పిల్లల్ని వరసగా నిలబెట్టి రంగు చూసి విడదీసింది. చెక్కగోడ ఇంకా తయారే కాలేదు, పిల్లలు మాత్రం అప్పుడే రెండు పక్కలయ్యారు. దొరసాని వేషం రీటా అనే తెల్లటి సింధీ పిల్లకి వెళ్లింది. సునీతది నా రంగే. దానికి జ్వరం పిల్ల తల్లి వేషం ఇచ్చారు, ఒక్క మాట కూడా లేదు.

రిహార్సల్స్‌లో రీటా తడబడినప్పుడల్లా నాకంటే ముందే సునీత మాట అందించేది. నాటకమంతా దానికి కంఠతా వచ్చు. ఒకరోజు నా దగ్గరికొచ్చి బతిమాలింది.

"పోయినేడు రాక్షసిని మిస్. అంతకుముందు పనిమనిషిని. ఈసారైనా దొరసానిని చేయమనండి. మా అమ్మకి చెప్పేశాను కూడా."

వెళ్లి నిర్మలని అడిగాను. ఆవిడ పకపకా నవ్వింది.

"తెల్లదొరసాని వేషం నల్లపిల్ల ఏస్తే పబ్లిక్ నవ్వరా విజయా?"

"ఆ కథ చదివే అంటున్నారా ఈ మాట?"

"కథ వేరే, స్టేజి వేరే. నువ్వు మరీ చెప్తవ్. ఇగ ఖలాస్."

నాకు ఒళ్లు మండిపోయింది. తిన్నగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాను. న్యాయం కోసమే వెళ్లానంటే నా కళ్లు పోతాయి. నిర్మల నాటకంలో వేలు పెట్టే సందు దొరికింది, వదలబుద్ధి కాలేదు. ఆయన ఇద్దరు పిల్లల్నీ పిలిపించి, ఆ శాలువా సీను చెప్పించుకున్నారు. రీటా సగంలో ఆగిపోయింది. సునీత చివరిదాకా చెప్పింది. వేషం సునీతకి మారింది. నిర్మల మొహం మాడ్చుకుంది. ఆ రోజు నాకు అన్నం ఎంత రుచిగా ఉందో!

రోజూ బడి వదిలాక సునీతకి నేనే నేర్పించాను. శాలువా ఇచ్చేటప్పుడు చెయ్యి ఎలా చాపాలో, కుంపటి దగ్గరికి రావొద్దని ఎంత మెత్తగా చెప్పాలో. "బాగా చేస్తున్నావే తల్లీ" అని రోజూ అనేదాన్ని. తర్వాత టాక్సీలో నైఫ్ పేటలో వాళ్లింటి దగ్గర దింపేదాన్ని.

నాటకం రోజున మొహానికి తెల్లరంగు పూయలేదు, పూయొద్దన్నాను. నల్లటి దొరసాని రాగానే వెనక వరసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. శాలువా సీనుకి మాత్రం హాల్లో చప్పుడే లేదు. తెర పడ్డాక చప్పట్లు ఆగలేదు. నేను తెర పక్కన రెండు చేతులూ చాపి నిలబడ్డాను.

సునీత పరిగెత్తుకొచ్చింది, నన్ను దాటుకుని వెళ్లిపోయింది. అవతల నిలబడ్డ నిర్మల చేతులు పట్టుకుంది.

"బాగా చేశానా మిస్? రీటా కన్నా బాగా చేశానా?"

"మస్తు చేసినవ్ బేటా" అని నిర్మల దాని బుగ్గ నిమిరింది. ఆ పిల్ల కళ్లల్లో ఆ వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

ఏడుపొచ్చింది నాకు. నేర్పించింది నేను, దెబ్బలాడింది నేను, బుగ్గ నిమిరింది ఆవిడా!

ఆ తర్వాత చాలా ఏళ్లు అదే పాఠం చెప్పాను. గోడ ఎవరు కట్టారని పిల్లల్ని అడగడం మానేశాను. గోడ తీసేశాక ఆ నల్లపిల్ల ముందుగా ఎవరి మెప్పు కోసం పరిగెడుతుందో చెప్పమని అడిగేదాన్ని. జవాబు నాకు తెలుసు. నేను రోజూ "బాగా చేస్తున్నావే" అంటూనే ఉన్నాను, ఆ మాట సునీతకి లెక్కలోకే రాలేదు. అన్నది తన రంగు మనిషే కదా.