గడప ముందు పేడదిబ్బ

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చినప్పుడు నేను జాబ్రియాలో ఒక ఇంట్లో పనిలో ఉన్నాను. ఇంటామెను అక్కడి పనివాళ్ళందరిలాగే మామా అని, అంటే అమ్మా అని, పిలిచేదాన్ని. ఆమె బడిలో ఫ్రెంచి చెప్పేది. భర్త లేడు, కొడుకులు వేరే దేశంలో చిక్కుకుపోయారు. బళ్ళు మూసేశారు, వీధి మొగలో సైనికులు. నేను బియ్యం ఏరుతుంటే మామా పక్కన కూర్చుని తన ఫ్రెంచి పుస్తకాల్లో ఫొటోలు చూపించేది.

నా మనసంతా రాయచోటి దగ్గర మా పల్లెలో ఉండేది. నేను కువైట్ వచ్చేనాటికి నా కూతురికి నడక రాలేదు. మా అమ్మే పెంచుతోంది. మనవాళ్ళు ఇరాక్ మీదుగా జోర్డాన్‌కు బస్సుల్లో పోయి, అక్కడ విమానం ఎక్కుతున్నారని తెలిసింది. నా పాస్‌పోర్టు మామా దగ్గర ఉంది. నేను పోతే ఆమె ఒంటరిదైపోతుంది. అడగడానికి నోరు రాలేదు.

కువైట్‌లోనే ఫర్వానియాలో ఉండే మా ఊరి అక్క వచ్చి గేటు దగ్గరే తగులుకుంది.

"ఏమ్మే, నీ బిడ్డ నిన్ను మర్సిపోయేదాకా ఈడనే ఉంటావా? శుక్రారం బస్సుండాది. నువ్వు అడుగుతావా, నన్ను అడగమంటావా?"

"నేనే అడుగుతాలే అక్కా."

"నువ్వు అడిగేది నాకు తెల్దా. చాయ్ పెట్టిచ్చి వస్తావు."

అన్నట్టే చాయ్ పెట్టిచ్చాను.

ఆ పూట మామా చూపించిన ఫొటోలో రాతి ఇల్లు, గడప ముందే పెద్ద పేడదిబ్బ. దేశదేశాల్లో జనం చదివే ఒక రచయిత తాత అక్కడే బతికాడని చెప్పింది.

"బాగా ఉన్నవాళ్ళు మామా" అన్నాను. మా వైపు దిబ్బ ఎంత పెద్దదైతే అన్ని గొడ్లున్నట్టు. పిల్లనిచ్చేవాళ్ళు ముందు దాన్నే చూస్తారు.

సైన్యం వచ్చాక మామా నవ్వగా చూడటం అదే మొదలు. "దిబ్బ ఆసామిది. తాత దాన్ని చేలకు మోసే కూలివాడు" అంది.

మా నాయనా అదే పని చేశాడు. ఎంత రుద్ది కడుక్కున్నా ఆ వాసన పోయేది కాదు. పరాయి దేశంలో, చల్లటి గదిలో, ఆ వాసన కోసం నా ప్రాణం కొట్టుకుంది. పుస్తకాలు రాసేవాళ్ళంతా గొప్పింట పుట్టినవాళ్ళే అనుకునేదాన్ని.

"ఇట్లాంటివాళ్ళు ఇంకా ఉన్నారా?"

"చాలామంది. ఒకాయన అమ్మమ్మ మేకలు కాసింది. ఇంకొకాయన తల్లి ఇళ్ళల్లో పని చేసేది. అక్షరం రాదు."

"మరి కొడుకు రాసింది ఎట్లా చదివింది?"

"చదవలేదు."

చేటలో రాయేదో, గింజేదో నాకు కనబడలేదు.

"మామా, నా బిడ్డ బడికి పోయే ఈడుకొచ్చింది. నేను పోవాలి."

ఆమె పేజీ మీంచి చెయ్యి తీయలేదు. "నువ్వు ఎప్పుడు అడుగుతావోనని రోజూ భయపడుతున్నాను" అంది. తర్వాత లేచి పాస్‌పోర్టు తెచ్చి నా ఒడిలో పెట్టింది. "యల్లా, ఇంక కానీ, బట్టలు సర్దుకో."

ఊరు చేరితే నా కూతురు నన్ను చూసి మా అమ్మ వెనక దాక్కుంది. నా దగ్గరికి రావడానికి చాలా కాలం పట్టింది. పెద్దదయ్యాక నాకు అక్షరాలు దిద్దించింది అదే. మామా ఏమైందో తెలియలేదు. ఆమె చెప్పిన రచయితల పేర్లు ఎంత తలుచుకున్నా ఒక్కటీ గుర్తురాదు. ఆమె గొంతు మాత్రం వినిపిస్తూనే ఉంటుంది.