ఆ ఇంటి నిశ్శబ్దం ఆ ఇంటిదే

బీరువా మీది నుంచి పాత హెడ్‌ఫోన్లు దించి చెవులకు పెట్టుకోగానే నల్లటి పొట్టు బుగ్గల మీదికి రాలింది. లోపలి స్పాంజి జిగటగా అంటుకుంటూ, కాలిన రబ్బరు వాసన వేస్తోంది. వాటిని ముట్టుకుని పదేళ్లయింది. ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియోవాళ్లు సౌండ్ విభాగంలో ఉద్యోగానికి నన్ను ఇంటర్వ్యూకి రమ్మన్నారు, ఇంకో వారంలో. "అమ్మా, మొహానికి మసి పూసుకున్నావేంటి?" అని మా అమ్మాయి పకపకా నవ్వింది. నాకు మాత్రం ఆ వాసనకి యాదగిరి సార్ వచ్చి పక్కన కూర్చున్నట్టే అనిపించింది.

యాదగిరి సార్ మీకు తెలిసే అవకాశం లేదు. సినిమా చివర తెర మీద ఆయన పేరు వచ్చే వేళకి మీరందరూ లేచి చెప్పులు వెతుక్కుంటూ ఉంటారు. మోతీనగర్ మనిషి, సౌండ్ పనిలో నా మొదటి బాస్. కోపమొస్తే అరిచేవారు కాదు. తన హెడ్‌ఫోన్లు తీసి మన చేతిలో పెట్టి, "నువ్వే ఇను బిడ్డా" అనేవారు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండేది! సినిమా అంటే చెవి కోసుకుంటూ కాకినాడ నుంచి వచ్చిన నాకు, ఆ చెవితో పని చేయడం నేర్పింది ఆయనే.

ఆయనకొక పద్ధతి ఉండేది. సీను అయిపోయి అందరూ టీల కోసం కదలబోతుంటే చేయి పైకెత్తేవారు. "ఆగుండ్రి. ఎవ్వరు కదలద్దు." హీరో అయినా సరే, లైట్‌మన్ అయినా సరే, ఎక్కడివాళ్లు అక్కడ నిలబడిపోవాల్సిందే. ఓ అర నిమిషం ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేసేవారు. దాన్నే రూమ్ టోన్ అంటారు. ఎడిటింగ్‌లో మాటకీ మాటకీ మధ్య అక్కర్లేని చప్పుడు కోసేస్తే అక్కడ గుంట పడుతుంది. ఆ గుంటలో ఈ నిశ్శబ్దం పరవాలి, లేకపోతే వినేవాడికి ఉన్నట్టుండి చెవుడొచ్చినట్టు ఉంటుంది.

బోరబండలో ఒక రేకుల ఇంట్లో తీసిన సీనుకి ఎందుకో ఆ అర నిమిషం రికార్డు కాలేదు. సినిమా అప్పగించే గడువు ముంచుకొచ్చింది. నేను మహా తెలివిగా, జూబ్లీహిల్స్ బంగళాలో తీసిన వేరే సీను తాలూకు నిశ్శబ్దం తెచ్చి అతికించాను. నిశ్శబ్దమేగా, ఎక్కడిదైతే ఏంటి? సార్ వింటూ వింటూ హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టారు. విన్నాను. సీనులో తల్లీ కూతురూ మాట్లాడుకుంటున్నారు. మాట ఆగినప్పుడల్లా ఇద్దరూ ఏసీ హాల్లోకి వెళ్లిపోయి, మాట మొదలవగానే రేకుల కిందికి తిరిగొస్తున్నారు!

"గరీబోళ్ల ఇంట్ల బంగళా గాలి ఎట్లొచ్చింది బిడ్డా?"

"ఎవరికి తెలుస్తుంది సార్?" అన్నాను గునుస్తూ.

"ఎవ్వరికీ తెల్వది. గని నమ్మరు."

ఆయన స్కూటర్ మీద ఇద్దరం మళ్లీ బోరబండ వెళ్లాం. మైకు పెట్టి ఊరికే నిలబడిన మమ్మల్ని చూసి ఆ ఇంటి పెద్దావిడ నోరు వెళ్లబెట్టింది. "ఎవ్వరు మాట్లాడుతలేరు గదా సారూ, గిదేం రికార్డు?"

"నీ ఇల్లు మాట్లాడుతుంది అవ్వా. జరసేపు ఇననియ్యి."

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంది. రేకులు ఎండకి చిటుకు చిటుకుమంటున్నాయి. ఎవరింట్లోనో మిక్సీ తిరిగి ఆగింది. సార్ కళ్లు మూసుకుని పాట వింటున్నట్టు విన్నారు.

తర్వాత మా అత్తగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. పాప నెలల పిల్ల. ఉద్యోగం మానేస్తున్నానని చెప్పడానికి సార్ దగ్గరికి వెళ్లాను. "ఏడున్నా చెవులు మాత్రం మూసుకోకు బిడ్డా" అన్నారు. అదే ఆఖరిసారి చూడటం. ఆయన పోయారని కూడా ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు ఇంటర్వ్యూ అనగానే నా స్నేహితురాలు సుధ ఫోన్లో హడావిడి చేసింది. "పదేళ్ల గ్యాప్ అంటే తలుపు కూడా తీయరే బాబూ! ఇంటి నుంచి ఫ్రీలాన్స్ చేశానని చెప్పెయ్." సరేనని సాధన మొదలుపెట్టాను. మా అమ్మాయి నా కళ్లజోడు పెట్టుకుని, ఆఫీసరులా కాలు మీద కాలు వేసుకుంది.

"ఈ పదేళ్లూ ఏం చేశారు మేడమ్?"

"ఇంటి నుంచే ఫ్రీలాన్స్‌గా కొన్ని ప్రాజెక్టులు..."

"ఊహూఁ. అక్కడికి రాగానే నీ గొంతు వేరే ఎవరిదోలా ఉందమ్మా."

బంగళా గాలి తెచ్చి నా ఇంట్లో నేనే పరుస్తున్నాను. ఎవ్వరికీ తెల్వది, గని నమ్మరు. ఆ ముక్క అక్కడే కొట్టేశాను.

ఇంటర్వ్యూ చేసినతను కుర్రాడే, మర్యాదస్తుడే. కాగితం మీద వేలు పెట్టి, "ఇక్కడ పదేళ్లు ఖాళీ ఉందండీ" అన్నాడు.

"ఖాళీ కాదండీ. మాట రాని మనిషి పక్కన ఉన్నాను. ఊపిరి విని అది దాహమో, నొప్పో, నా మీద కోపమో చెప్పేదాన్ని. కోపమే ఎక్కువ. మీ కొత్త సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్నాను, వేళ్లు ఇంకా తడబడుతున్నాయి. చెవి తడబడదు."

నా గొంతు నాకే వినిపించింది. అది నాదే.

పోయిన వారం జూబ్లీహిల్స్‌లో ఒక ఇంట్లో, ఈ ఉద్యోగంలో చేరాక నా మొదటి షూటింగ్. సీను అయిపోయింది, అందరూ టీల కోసం కదలబోయారు. నా చేయి దానంతటదే లేచింది. "ఆగండి. ఎవరూ కదలొద్దు." హీరో ఫోను చెవి దాకా తీసుకెళ్లి అలాగే బిగుసుకుపోయాడు. ఎక్కడో ఫ్రిజ్ సన్నగా మూలుగుతోంది. ఎవరో తుమ్ము ఆపుకున్నారు. అర నిమిషం అయిపోయింది. నేను చేయి దించలేదు. ఇంకాసేపు, సార్ కోసం.