బాణం గుర్తు సరిగ్గానే ఉంది

మూడేళ్లుగా నేను తొమ్మిది బస్తాల సోనా మసూరి మోస్తున్నాను. బియ్యం ఎప్పుడో అయిపోయాయి. బరువు మాత్రం దిగలేదు. అమెరికాలో మా ట్రాయ్ ఊళ్లో ఒకరికి చెబితే సాయంత్రానికి నలభై ఇళ్లకు తెలుస్తుంది. అందుకే మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. ఇంతకంటే క్షేమమైన స్నేహం ఎక్కడ దొరుకుతుంది?

ఇండియా నుంచి బియ్యం రావట్లేదని ఫోన్లలో గోలైన వేసవి మీకు గుర్తుండే ఉంటుంది. మధ్యాహ్నానికల్లా ఇండియన్ స్టోర్ల ముందు లైన్లు. కుటుంబానికి ఒక్క బస్తాయే అని కాగితం అంటించారు. మాకు ఒక్కటి చాలదా? ఇంట్లో ఉన్నదే ఇద్దరం, పైగా మా ఆయన రాత్రిపూట చపాతీలే తింటారు. అయినా రెండు రోజులూ నాలుగేసి స్టోర్లు తిరిగాను. ఒక చోటైతే చున్నీ మార్చుకుని మళ్లీ లైన్లో నిలబడ్డాను. అన్నం దొరకదన్న భయమా అది, పక్కింటివాళ్లకి దొరికి నాకు దొరకదేమోనన్న కుళ్లా? రెండోదే అయ్యుంటుంది. తొమ్మిదో బస్తా కార్లో వేసుకుంటుంటే నాకు క్లాసులో ఫస్టు వచ్చినంత సంతోషం వేసింది మరి.

ఎక్స్‌ట్రా బస్తా ఏమైనా ఉందా అని స్నేహితులు అడిగితే, ఎక్కడిదండీ, ఒక్కటే దొరికిందన్నాను. అన్నాక ఇక దాచక తప్పదు. బేస్‌మెంట్‌లో, చలికాలం ఇల్లు వెచ్చబరిచే ఫర్నేస్ ఉండే ఇరుకు గదిలో పేర్చాను. ఇల్లు కొన్న రోజు తర్వాత మా ఆయన ఆ గది తలుపు తీసిన పాపాన పోలేదు.

ఆ గదిలోకి వెళ్లే మగమనిషి ఒక్కరే. ఆయన్ని ప్రసాద్ అన్నయ్య అందాం. కార్ల కంపెనీలో ఇంజనీరు. మా వాళ్లలో ఎవరింట్లో కుళాయి కారినా, డోర్ కిర్రుమన్నా ఎర్ర టూల్‌బాక్స్ పట్టుకుని వచ్చేసేవారు. కాఫీ ఇస్తే చాలు, లోకాన్ని బాగుచేసినంత ఆనందం ఆ మొహంలో. నేను బస్తాలు పేర్చడానికి వారం ముందే వచ్చి మా ఫర్నేస్‌కి గాలి వడకట్టే ఫిల్టర్ మార్చి వెళ్లారు. నాచేత టార్చి పట్టించారు. ఫిల్టర్ అంచు మీద బాణం గుర్తుంటుంది, అది మెషీన్ వైపే చూడాలని నాకు వేలితో చూపించి మరీ లోపలికి తోశారు. బాణం సరిగ్గానే ఉంది. నేను చూశాను.

ఒక గురువారం ఇంట్లోనే ఆఫీసు పని చేసుకుంటూ ఏదో తీసుకురావడానికి కిందికి దిగాను. కార్పెట్ మీద కాలు పెడితే చప్‌మంది. ఫర్నేస్ కింద మడుగు. నిప్పుతో పనిచేసేదానికి నీళ్లెక్కడివని మొదట నాకు అర్థం కాలేదు. వేసవిలో ఏసీ చల్లబరిచే పెట్టె దాని నెత్తినే కూర్చుని ఉంటుంది. గాలిలోని తేమంతా అక్కడ నీరై, వేలు లావు మెత్తని పైపులోంచి నేలలో ఉన్న కన్నంలోకి పోవాలి. పోయే దారిలో నా బస్తా ఒకటి జారి పైపు మీద తీరిగ్గా పడుకుంది. దాన్ని పక్కకి లాగగానే గుడగుడమని నీళ్లన్నీ కన్నంలోకి దిగిపోయాయి. ముందు మెషీన్ ఆపాలని కూడా నాకు తోచలేదు. తోచింది ఒక్కటే, బియ్యం దాచాలి.

ఏడు బస్తాలు గెస్ట్‌రూమ్ మంచం కిందికి చేరాయి. తడిసిన రెండూ చెత్త బిన్‌లో అడుక్కి వెళ్లాయి. మెతుకు పారేస్తే పాపమని విని పెరిగినదాన్ని. నడుం పట్టుకుని, చెమటలు తుడుచుకుని, అప్పుడు ఫోన్ చేశాను మా ఆయనకి. ఆయన అన్నయ్యకి చేశారు.

అన్నయ్య పరిగెత్తుకొచ్చారు. ఫిల్టర్ బయటికి లాగేశాక, లోపల బాణం ఎటుందో చూసుకోలేదని గుర్తొచ్చింది కాబోలు, చేతిలో అటూ ఇటూ తిప్పి చూశారు. ఫిల్టర్ సరిగ్గా లేకపోతే గాలి ఆడక లోపల మంచు కడుతుంది, కరిగి కారుతుంది. అది నిజమే, అలాగూ జరుగుతుంది. అప్పుడు నావైపు తిరిగారు.

"చెల్లెమ్మా, ఆ రోజు టార్చి పట్టుకున్నావు కదా. బాణం లోపలివైపే పెట్టానా నేను?"

"ఏమో అన్నయ్యా. నేను గమనించలేదు."

అంతే. ఆ కాస్త మాటే.

"నా తప్పేనమ్మా అయితే," అన్నారాయన. ఇంకో ఫిల్టర్ తెచ్చి పెట్టారు. మళ్లీ కారలేదు. ఎలా కారుతుంది, బస్తా మంచం కింద ఉంటే! దాంతో ఆయనకి అనుమానమే మిగల్లేదు. మర్నాడు ఒక మూత బకెట్‌తో వచ్చారు. వాళ్లకి దొరికిన ఒకే ఒక్క బస్తాలో సగం. నా వల్ల మీ కార్పెట్ పోయింది, ఇదైనా ఉంచండమ్మా అన్నారు. వద్దని గట్టిగా అంటే ఎందుకని అడుగుతారేమోనని పుచ్చుకున్నాను.

ఆ తర్వాత ఆయన ఎవరింట్లోనూ స్క్రూడ్రైవర్ పట్టుకోలేదు. ఎవరైనా పిలిస్తే, మెకానిక్‌ని పిలిపించుకోండి, నా చెయ్యి మంచిది కాదు అంటారు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్ విందుల్లో మా ఆయన, "బావా, ఫిల్టర్ మార్చాలి, పడవ కొనమంటావా?" అని ఏడిపిస్తే అందరూ నవ్వుతారు. అన్నయ్య కూడా. అందరికంటే గట్టిగా నేను నవ్వుతాను. దొంగకు తేలు కుట్టినట్టు ఉంటుంది లోపల. ఎందుకు చెప్పలేదు? మొదటి నెల సిగ్గు. తర్వాత, ఇన్నాళ్లు ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పాలో తెలియక.

బకెట్‌లో బియ్యం వండలేకపోయాను. ఎండుమిరపకాయలు వేసి మూత బిగించి మూడేళ్లు ఉంచాను. పోయిన ఆదివారం అన్నయ్యావాళ్లు భోజనానికి వచ్చే వేళకి ఇంట్లో బియ్యం నిండుకున్నాయి. నవ్వకండి, నాకే నిండుకున్నాయి! ఆ బకెట్ తెరిచాను. పాతబియ్యం కదా, మెతుకు మెతుకుకి అంటకుండా పొడిపొడిగా వచ్చింది. అన్నయ్య రెండోసారి వడ్డించుకుంటూ, "ఎంత బాగుందమ్మా అన్నం! ఎక్కడ కొన్నావు?" అన్నారు.

"కొనలేదన్నయ్యా," అన్నాను. మూడేళ్లలో ఆయనతో ఆ విషయంలో నేనాడిన మొదటి నిజం. ఇంతలో మా ఆయన మజ్జిగ అడిగారు. నేను లేచాను. మిగతాది గొంతులోనే ఉండిపోయింది.

ఆ మిగతాది ఇది. కొనలేదన్నయ్యా, అవి మీ బియ్యమే. ఏడు బస్తాలు మంచం కింద పెట్టుకుని మీ దగ్గర పుచ్చుకున్నాను. మీ చెయ్యి మంచిదే. బాణం మీరు సరిగ్గానే పెట్టారు. టార్చి పట్టుకుని చూసిందాన్ని నేను.